ఇల్లలుకగానే పండుగ యగునా?

ఈ పత్రికలో వంటలను గూర్చియు, వ్రతములను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు ఎన్నో వ్యాసములు చదువుచున్నాము. మేమిప్పుడు వ్రాయబూనిన విషయము వినుట కంత సొంపైనది కాదు. కడుపులోని జిగురును గూర్చి, అనగా శ్లేష్మమును గూర్చి, నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ముక్కు చిట్లింపక చదువవలెనని ప్రార్థన. ఆ జిగురు చెడుటచేత మేమొకమారు ప్రాణముమీదికి తెచ్చుకొంటిమి. అది మరల కుదురుకొను విధము తెలియకపోవుటచేత రెండవమారును పడితిమి. మా యవివేకము మఱియొక సోదరికైన ఉపకరించుగాక యని వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు మమ్ము బడికి పంపక, ఇంటనే అమరమును, కావ్యములను చెప్పిరి. శ్లేష్మ శబ్దము శ్లిష్ ధాతువునుండి పుట్టినదనియు, ఆ ధాతువునకు కౌగిలించుకొనుట యని యర్థమనియు వారొకనాడు చెప్పగా మేము నవ్వితిమి. కావ్యములలోని శ్లేషకును, జలుబునకును చుట్టరికమా యని మా నవ్వు. వాగ్భటుడు అష్టాంగహృదయమున కఫము నైదు విధములుగా విభజించి, అందు ఆమాశయమున నుండి అన్నమును తడుపుదానిని క్లేదకమని చెప్పెను. ఆ క్లేదకమును, నేటి వైద్యులు చెప్పు జిగురును ఒక్కటే యని మేము వాదింపము. కాని శ్లేష్మమనగా కౌగిలించుకొని యుండునది యన్న మాట మాత్రము, మేము మంచము పట్టిన తరువాత నవ్వులాటగా తోచలేదు.

మాకు చిరకాలమునుండి పార్శ్వపునొప్పి కలదు. నెలకు రెండుమూడు మారులు తలలో ఒక సగము పగిలిపోవునట్లుండును. మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. "వైద్యులకు చూపింతము, రమ్ము" అని వారెన్ని మారులు చెప్పినను, తలనొప్పికి కూడ వైద్యుడేల, డబ్బు దండుగ యని మేము దాటవేయుచుంటిమి. మందుల కొట్టునుండి నొప్పిమాత్రలు తెప్పించుకొని, ఎవరికిని తెలియకుండ మింగుచుంటిమి. ఆ మాత్రల పట్టీలకు చోటు పోపులపెట్టెలో, ఆవాల గిన్నె క్రింద. ఇంటిల్లపాదియు భుజించిన పిదప, రెండు దాటినమీదట మేము భుజించుట అలవాటు. మాత్రలో, ఉదయమే, పరగడుపున.

నిరుడు కార్తీకమున సోమవారములు ఉపవాసముంటిమి. ఆ నెలలో తలనొప్పియు హెచ్చెను, మాత్రలును హెచ్చెను. అన్నము తిన్న కొంతసేపటికి రొమ్ము క్రింద మంటయు, తొలుచుచున్నట్లు నొప్పియు మొదలిడెను. అత్తగారు చూచి చల్లని పాలు ఇచ్చుచుండిరి. త్రాగినంతనే హాయిగా నుండును. గంట గడచునప్పటికి మరల మొదలు. కొన్నిదినములు మలము తారువలె నల్లగా, జిగటగా పోవుచుండెను. ఇది ఎవరితో చెప్పుకొందుమని ఊరకుంటిమి. మూడవ సోమవారము సాయంకాలము తులసికోటయొద్ద దీపము పెట్టి లేచుచుండగా, కన్నులు చీకట్లు క్రమ్మి, అచ్చటనే కూలబడితిమి.

మావారు ఆ రాత్రియే కాకినాడకు తీసికొనిపోయిరి. మఱునాడు గొంతుగుండ సన్నని గొట్టమును దింపి చూచు పరీక్ష చేసిరి. దీనినే ఎండోస్కోపీ యందురు. ఆమాశయపు దిగువ భాగమున చిటికెనవ్రేలి గోరంత పుండు కనబడినది. దాని యంచులనుండి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపిరి. పుట్టకురుపు కాదని తేలినది. హెలికోబాక్టర్ పైలోరీ యను సూక్ష్మజీవి మాత్రము ఉన్నదని తేలినది. ఆ వైద్యురాలు మా మంచము ప్రక్క కూర్చుండి, "నొప్పిమాత్రలేవైన వాడుచున్నారా అమ్మా?" అని అడిగినది. మావారు అక్కడనే నిలిచియున్నారు. "లేదండీ" అంటిమి.

ఆ ఒక్క మాట మాకెంత చేటు చేసినదో చెప్పుటకు ముందు, ఆమె మాకు బోధించినదియు, పిమ్మట మావారు తెచ్చిపెట్టిన పుస్తకములలో మేము చదువుకొన్నదియు చెప్పవలెను.

మన కడుపులో ఊరునది లవణామ్లము, అనగా హైడ్రోక్లోరిక్ ఆమ్లము. దానితో కలిసి పనిచేయు జీర్ణరసము మాంసమును సైతము కరగించును. ఆమాశయపు గోడయు మాంసమే కదా! అది ఏల కరగిపోదు? 1822 లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునికి తుపాకి దెబ్బ తగిలి, ఆమాశయమునకు రంధ్రము పడి, అది పూడక నిలిచిపోయెను. విలియమ్ బోమంట్ అను వైద్యుడు ఆ రంధ్రముగుండ ఏండ్ల తరబడి లోనికి చూచి, 1833 లో ఒక గ్రంథము ప్రకటించెను. లోపలి గోడకు పలుచని, పారదర్శకమైన జిగురుపూత గలదని ఆయన వ్రాసెను. పెనిసిలిన్ తయారీలో పాల్గొన్న నార్మన్ హీట్లీయే 1959 లో, ఈ జిగురు ఆమ్లమును గోడను తాకనీయని కంచె కావచ్చునని ప్రతిపాదించెను.

తరువాతివారు దానిని కొలిచి చూచిరి. ఆమ్లగుణమును కొలుచుటకు పీహెచ్ అను కొలత కలదు. 7 అనగా తటస్థము. అంకె తగ్గినకొలది ఆమ్లము తీవ్రము. ఆమాశయము నడుమ 1, 2 అంకెలుండగా, జిగురు క్రింద, కణముల యొద్ద, ఇంచుమించు 7 ఉండును. ఈ రెంటికిని నడుమనున్న పొర మందము మిల్లీమీటరులో కొంతభాగమే! గోడలోని కణములు బైకార్బొనేటు అను క్షారమును జిగురులోనికి విడుచుచుండును. లోనికి చొరబడు ఆమ్లము దానితో కలిసి చప్పబడిపోవును. జిగురు పైపొర అరుగుచుండును, క్రింద క్రొత్తది ఊరుచుండును. ఆ కణములును కొలది దినములకే రాలిపోయి, క్రొత్తవి వచ్చుచుండును.

ఇది చదువునపుడు మాకు మా యమ్మమ్మగారి మట్టియిల్లు జ్ఞప్తికి వచ్చినది. ఆమె ఎఱ్ఱమన్నును, పేడయు కలిపి వారము వారము ఆ నేలను అలుకుచుండెడిది. పేడ లేక మన్ను నిలువదు, మన్ను లేక పేడ నిలువదు అనెడిది. కడుపు అలుకుడును రెండు దినుసులతోడిదే. పైకణములనుండి ఊరు జిగురు ఒకటి, లోతున నున్న గ్రంథులనుండి ఊరు జిగురు వేఱొకటి. వీనిలోని ముఖ్యపదార్థములకు మ్యూసిన్ 5ఏసీ, మ్యూసిన్ 6 అని పేళ్లు. రెండును ఒకదానిపై నొకటి పొరలు పొరలుగా పరచుకొని యుండును. లోతున ఊరు జిగురులోని ఒకవిధమగు చక్కెర, పైలోరీ సూక్ష్మజీవిని పెరుగనీయదని జపానుదేశమున షిన్షూ విశ్వవిద్యాలయమువారు 2004 లో కనుగొనిరి.

ఇంతటి యలుకుడును చెఱుచు శత్రువులు ముఖ్యముగా ఇద్దరు. మొదటిది పైలోరీ. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అను వైద్యులు దీనిని 1982 లో గుర్తించి పెంచిరి. 2005 లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. ఈ సూక్ష్మజీవి అమ్మోనియాను పుట్టించి, తన చుట్టునున్న ఆమ్లమును చంపును. అపుడు గడ్డకట్టిన జిగురు నీరై, దానికి దారి యిచ్చును. రెండవ శత్రువు, మేము పోపులపెట్టెలో దాచినది. జిగురును, క్షారమును ఊరించుటకును, గోడకు రక్తము చక్కగా అందించుటకును ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములు కావలెను. ఆస్పిరిన్ వంటి మాత్రలు వాని పుట్టుకనే ఆపునని జాన్ వేన్ 1971 లో చూపెను. ఐబుప్రొఫేన్, డైక్లోఫెనాక్ మున్నగునవి ఆ తెగలోనివే. కారము తినుటచేతనే పుండు పుట్టునని మనము చెప్పుకొందుము. మాకు మాత్రము మిరపకాయ చేసిన కీడు లేదు.

వైద్యురాలు సూక్ష్మజీవిని చంపుటకు పదునాలుగు దినములు మాత్రలిచ్చి, ఆమ్లమును తగ్గించు మందు ఎనిమిది వారములు విడువక వాడవలెనని చెప్పినది. పాలను మందుగా భావింపవద్దనినది. 1915 లో షికాగోలో బెర్ట్రమ్ సిప్పీ అను వైద్యుడు గంట గంటకు పాలును, మీగడయు ఇచ్చు పద్ధతిని ప్రకటించెననియు, చాలకాలము అది వాడుకలో నుండెననియు, పాలు కొంతసేపు ఆమ్లమును చప్పబరచినను పిమ్మట ఆమ్లమును మరింత ఊరించునని తెలిసి, ఆ పద్ధతిని విడిచిరనియు చెప్పినది. అత్తగారి పాలు త్రాగిన గంటకే మాకు నొప్పి యేల మరల వచ్చుచుండెనో అపుడు తెలిసినది.

రెండు వారములకు నొప్పి తగ్గినది. మూడవ వారమునకు ఇసుమంతయు లేదు. మాకు నయమైనదని నిశ్చయించుకొని మందు మానితిమి. సంక్రాంతి దగ్గఱపడినది. పిండివంటలు, బంధువులు, రాత్రి జాగరములు. భోగికి ముందు నాలుగు దినములు తలనొప్పి విడువలేదు. పోపులపెట్టె ఉండనే ఉన్నది. భోగినాటి ఉదయము ముగ్గు వేయుచుండగా పాతనొప్పి కత్తితో పొడిచినట్లు వచ్చినది. మలము మరల నల్లబడినది.

ఆ యుదయము పులిహోరకు పోపు పెట్టబోయి పెట్టె తెఱచినది అత్తగారు. ఖాళీ పట్టీలు పదునాలుగు, నిండువి రెండు. ఆమె వానిని మావారి చేతికిచ్చి, మాయొద్ద కూర్చుండి, మెల్లగా, "ఇల్లలుకగానే పండుగ కాదమ్మా" అనినది. అంతకంటె ఒక్కమాటయు ననలేదు. మావారు నోరు మెదపలేదు. వారు కోపించియుండినచో మాకింత బాధ లేకుండెడిది.

మరల కాకినాడ పోయితిమి. ఈమారు వైద్యురాలడుగక మునుపే, మావారి యెదుటనే, ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఆమె మందలింపలేదు. "మొదటనే చెప్పియుండినచో ఆ మాత్రలను ముట్టవద్దని నాడే చెప్పియుందును గదా" అని మాత్రమే యని, కాగితము తీసికొని, పుండు మానునపుడు లోపల జరుగునదేమో బొమ్మ వేసి చూపినది. సోదరీమణులు దీనిని శ్రద్ధతో చదువవలెను.

గోడమీద చిన్న గీఱు పడినచో, ప్రక్క కణములు జరిగి వచ్చి కొన్ని గంటలలోనే దానిని కప్పును. ఆ సమయమున జిగురును, రాలిన కణములును, రక్తపు నారయు కలిసి పైన మూతవలె నిలిచి, ఆమ్లమును అడ్డుకొనును. కాని పుండనునది గీఱు కాదు. అది లోతైన గుంట. అందు జిగురునూరించు కణము ఒక్కటియు మిగులదు. అడుగున తెల్లని పాచివంటి పూత మాత్రముండును. అది చచ్చిన కణజాలము, రక్తపునార. అలుకుడు లేని ఆ నేల ఎల్లప్పుడు ఆమ్లములో తడియుచుండును. అందుచేతనే ఆమ్లమును తగ్గించు మందు. అది పుండును తానుగా పూడ్చదు. దేహము పూడ్చుకొనుటకు ఎడమిచ్చును.

అంతట గుంట యడుగున ఎఱ్ఱని క్రొత్తమాంసము పుట్టును. దానిలోనికి సన్నని రక్తనాళములు ప్రాకును. పుండుచుట్టు నున్న గ్రంథులలో ఒక వింత జరుగును. మునుపు మాంసమును కరగించు రసము నొసగుచుండిన కణములు తమ వృత్తిని విడిచి, జిగురు నొసగు కణములుగా మారునని చిట్టెలుకలపై జరిగిన పరిశోధనలవలన తెలిసినది. ఇట్లు పుండ్ల యంచున క్రొత్తకణముల తెగ యొకటి పుట్టి, నయము చేయు పదార్థములను ఒసగునని నికొలస్ రైట్ మున్నగువారు 1990 లో మనుష్యుల ప్రేగులయందును చూపిరి. ఆ యంచున మొదట విస్తారముగా ఊరునది లోతుగ్రంథుల జిగురు, అనగా రెండవ దినుసు. దానితోకూడ ట్రెఫాయిల్ అను చిన్న మాంసకృత్తులు వెలువడును. ట్రెఫాయిల్ అనగా మూడాకులది. మారేడు దళమువలె మూడు మడతలుండుటచేత ఆ పేరు. జిగురును గట్టిపరచుటయు, కణములు ముందునకు ప్రాకుటకు తోడ్పడుటయు వీని పని. కార్తీక సోమవారములలో మారేడుదళముతో పూజించిన మాకు, ఆ మాట విన్నపుడు కన్నులు చెమర్చినవి.

అంచులనుండి క్రొత్తకణములు నలువైపుల ప్రాకి, నడుమ కలిసికొన్ననాడు పుండు మూసికొన్నది యందుము. అప్పటికైనను పని ముగియలేదు. ఆ కణములు పొట్టివి, లేతవి. వానిలో జిగురు తక్కువ. పై దినుసు ఇంకను చక్కగా ఊరదు. ఆ కణములు ముదిరి, జిగురుతో నిండి, రెండు దినుసులును పొరలుగా పరచుకొనుటకు మఱికొంత కాలము పట్టును. నొప్పి ఈ మెట్లన్నిటికిని ముందే పోవును. నొప్పి పోయిననాటికి మా కడుపులో అలుకుడు లేని నేల ఇంకను మిగిలియే యుండును. దానిపై మేము మాత్రలు వేసితిమి.

జపానుదేశపు వైద్యులు పుండు మానుటను ఆరు మెట్లుగా లెక్కింతురు. పుండు రగులుచున్న మెట్లు రెండు, మానుచున్న మెట్లు రెండు, మచ్చ మెట్లు రెండు. మచ్చలలో మొదటిది ఎఱ్ఱమచ్చ, రెండవది తెల్లమచ్చ. ఎఱ్ఱమచ్చ నాటికి పైపొర కప్పియే యుండును. కాని పుండు తిరుగబెట్టుటకు అప్పుడే యవకాశమెక్కువ. తెల్లమచ్చ యైనపిదప తక్కువ. 1991 లో టార్నావ్‌స్కీ మున్నగువారు, పైకి పూర్తిగా మానినట్లు కనబడు చోట సైతము లోపలి గ్రంథులు ఉబ్బి, రక్తనాళములు అస్తవ్యస్తముగా నుండుటను ఎలుకలయందు చూపి, మూసికొనుట వేఱు, చక్కగా మానుట వేఱని హెచ్చరించిరి. మా యత్తగారు వారి వ్యాసము చదువలేదు. భోగినాడు ఆమె యన్నదియు అదియే కదా!

ఈమారు ఎనిమిది వారములు ఒక్కపూటయు తప్పక మందు వాడితిమి. మావారు పంచాంగముమీద దినదినమును గీత పెట్టిరి. ఉగాదికి ముందు మరల గొట్టము వేసి చూచిరి. ఆమాశయపు పుండు నయమైనదో లేదో చూడక విడువరాదనియు, ఒక్కొక్కప్పుడు పుట్టకురుపు పుండువలె మోసపుచ్చుననియు వైద్యురాలు చెప్పినది. పుండు మూసికొన్నది, చోటు ఎఱ్ఱగా నున్నది. మరికొంతకాలము మందు పొడిగించినది. మందు మానిన రెండు వారములు ఆగి శ్వాసపరీక్ష చేయగా సూక్ష్మజీవి లేదని తేలినది. పార్శ్వపునొప్పికి, అది రాకుండ ఆపు మందు వేఱుగా ఇచ్చిరి. నొప్పి వచ్చినపుడు పారాసిటమాలు వాడుమనిరి. అది కడుపు జిగురును ఆ విధముగా చెఱుపదట.

మా యింట రెండు మార్పులు వచ్చినవి. మావారు సెలవుదినములలో మేము వడ్డించుకొని కూర్చుండినగాని చేయి కలుపరు. మొదట మాకు బిడియముగా నుండెను. అత్తగారే పీట వాల్చి, "కూర్చో అమ్మాయీ" అనినపిదప అలవాటైనది. రెండవది, మందులన్నియు ఇప్పుడు వసారాలోని అలమరలో, అందఱు చూచుచోట నున్నవి. కార్తీకము మరల రానున్నది. ఉపవాసమునకు బదులు మధ్యాహ్నము భుజించి, సాయంకాలము దీపము పెట్టుదుమని సంకల్పించుకొన్నాము.

సోదరీమణులారా! మీలో ఎందఱో మోకాళ్లనొప్పికో, నడుమునొప్పికో, తలనొప్పికో ఇట్టి మాత్రలు మింగుచుందురు. ఎన్ని మింగుచున్నారో వైద్యులకు దాపరికము లేక చెప్పుడు. గుండెజబ్బునకై వైద్యులు ఆస్పిరిన్ ఇచ్చియుండినచో మీయంతట మీరు మానకుడు. కడుపునకు రక్షణగా ఏమి వాడవలెనో అడుగుడు. మలము నల్లబడినను, రక్తము వమనమైనను, కారణము లేక చిక్కిపోవుచున్నను, సిగ్గుపడక ఆ దినమే ఇంటివారితో చెప్పుడు. మందు ఎనిమిది వారములన్నచో ఎనిమిది వారములే. నొప్పి పోయినదని మానకుడు. లోపల అలుకుడు ఇంకను ఆరుచుండును. ఇదియే మా మనవి.